నవజాత శిశువుల కామెర్లు - బరువుతో గల సంబంధము

గచ్చిబౌలిలోని ఎత్తైన భవనములలో కాపురముండువారి ఇండ్లలోను, ఆ భవనములను కట్టు కూలీల రేకుల షెడ్లలోను బిడ్డ పుట్టిన మూడవ నాడు తరచుగా వినబడు మాట యొకటి కలదు: "పాప ఒళ్లు పచ్చబడింది." ఉర్దూలో యర్ఖాన్ అన్నను, తెలుగులో పచ్చకామెర్లు అన్నను తల్లికి కలుగు భయము ఒక్కటే.

ఆ భయము చాలవరకు అనవసరము. నెలలు నిండిన శిశువులలో నూటికి సుమారు 60 మందికి, నిండనివారిలో సుమారు 80 మందికి మొదటి వారములో ఈ పసుపుదనము కనిపించును. పెద్దలలో ఎర్ర రక్తకణములు సుమారు 120 దినములు జీవించగా, శిశువులలో అంతకంటె త్వరగా నశించును. వాటినుండి వెలువడు బిలిరుబిన్ అను పసుపు పదార్థమును విసర్జింపజేయుటకు పసికందు కాలేయమునకు ఇంకను శక్తి చాలదు.

ఇక బరువు సంగతి. 2,500 గ్రాములకు తక్కువైన శిశువుకు కామెర్ల ప్రమాదము హెచ్చు. అయితే బరువే కారణమనుట తొందరపాటు. రెండు కిలోల శిశువు లిద్దరిని తీసుకొనుడు: ఒకరు ఎనిమిదవ నెలలో పుట్టినవారు, మరొకరు నెలలు నిండియు గర్భములో సరిగా పెరగనివారు. మొదటి శిశువు కాలేయము మరింత అపరిపక్వము. పాలు చీకు బలమును తక్కువ. బిలిరుబిన్‌ను పట్టి ఉంచు ఆల్బుమిన్ రక్తములో తక్కువ. కావున ఇతరులకు హాని చేయని మోతాదే ఆ శిశువు మెదడును తాకవచ్చును. ఫలితముగా చెవుడు, అవయవముల వైకల్యము జీవితాంతము మిగిలిపోవచ్చును. అందుచేత వైద్యులు ముందుగా నెలల లెక్క అడుగుదురు. బొద్దుగా పుట్టినవారికి భయము లేదనుకొనుటయు పొరపాటే. మధుమేహముగల తల్లులకు పుట్టిన పెద్ద శిశువులలో ఎర్రకణములు అధికమై కామెర్లు రావచ్చును.

మన ఇండ్లలో పాత బట్టల మధ్య ఉంచు కలరా ఉండలు కూడ కొందరికి కీడు చేయును. జి-6-పి-డి అను ఎంజైము లోపించిన శిశువును ఆ బట్టలలో చుట్టినచో రక్తకణములు వేగముగా విరిగిపోవును. ఆకు పసరు పోయుట, వాతలు పెట్టుట గురించి వేరుగా చెప్పనేల!

ఎండ విషయములో మాత్రము పెద్దల మాటలో కొంత నిజమున్నది. ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో 1950ల దశకములో సిస్టర్ జీన్ వార్డ్ శిశువులను ఆరుబయట ఎండకు ఉంచగా, ఎండ తగిలిన మేర పసుపు తగ్గుట గమనింపబడినది. దాని నుండి పుట్టినదే నీలికాంతి చికిత్స; 1958లో ఆ పరిశోధన ప్రకటితమైనది. అయినను కిటికీ ఎండ ఆ దీపమునకు సాటిరాదు.

1953లో నెలకొన్న మన నీలోఫర్ ఆసుపత్రి వంటి చోట్లకు వెంటనే తీసుకొనిపోవలసిన శిశువులు వీరు: మొదటి 24 గంటలలోనే పచ్చబడినవారు, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినవారు, పాలు తాగక మగతగా ఉన్నవారు. రెండు వారములు దాటియు కామెర్లు తగ్గక, మలము సున్నమువలె తెల్లగా వచ్చినచో పిత్తనాళము మూసుకొనిపోయి ఉండవచ్చును. దానికి శస్త్రచికిత్స రెండు నెలలలోపు జరుగుట మేలు.