చిన్న బోరు ట్రాంబోన్‌కు మౌత్‌పీస్ ఎంపిక

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• చిన్న బోరు, పెద్ద బోరు ట్రాంబోన్ల మధ్య తేడా చెప్పగలుగుతారు.
• మౌత్‌పీస్‌లోని ప్రతి భాగం చేసే పనిని వివరించగలుగుతారు.
• మౌత్‌పీస్ మీద ఉండే అంకెలను, అక్షరాలను సరిగా అర్థం చేసుకోగలుగుతారు.
• వాద్యానికి, వాయించే పనికి తగిన మౌత్‌పీస్‌ను వరుసక్రమంలో ఎంచుకోగలుగుతారు.

1. పరిచయం

తెలంగాణలో పెళ్ళి అనగానే డప్పు, సన్నాయిలతో పాటు బ్యాండు మేళం కూడా గుర్తుకు వస్తుంది. ట్రంపెట్, ట్రాంబోన్, యుఫోనియం వంటి ఇత్తడి వాద్యాలు మన దేశానికి సైనిక బ్యాండ్ల ద్వారా వచ్చాయి. అక్కడి నుంచి ఊరేగింపులకు, పెళ్ళిళ్ళకు చేరాయి. బ్యాండులో ట్రాంబోన్ వాయించేవారు వాద్యం కొనేటప్పుడు ఎంతో ఆలోచిస్తారు. మౌత్‌పీస్ విషయంలో మాత్రం చేతికి దొరికినదానితో సరిపెట్టుకోవడం కనిపిస్తుంది. పెదవులకు తగిలేది ఆ చిన్న ముక్కే. పెదవులు ఎంతసేపు నిలబడతాయి, శ్రుతి ఎంతవరకు కుదురుతుంది అన్నవి చాలావరకు దానిమీదే ఆధారపడతాయి.

2. చిన్న బోరు అంటే ఏమిటి?

ట్రాంబోన్ జారుడు గొట్టం లోపలి వ్యాసాన్ని బోరు అంటారు. సుమారు 12.2 నుంచి 12.9 మిల్లీమీటర్ల వరకు ఉన్నదాన్ని చిన్న బోరుగా పరిగణిస్తారు. సింఫనీ ఆర్కెస్ట్రాల్లో వాడే పెద్ద బోరు టెనర్ ట్రాంబోన్ సుమారు 13.9 మిల్లీమీటర్లు ఉంటుంది. తేడా చూడడానికి స్వల్పమే. అయినా చిన్న బోరు వాద్యం తక్కువ గాలితో పలుకుతుంది, దాని నాదం మెరుపుగా, సూటిగా ఉంటుంది. ఆరుబయట డోళ్ళ మోతను దాటి వినిపించవలసిన చోట ఇది అనుకూలం.

3. మౌత్‌పీస్ భాగాలు

రిమ్: పెదవులకు ఆనే అంచు. దీని లోపలి వ్యాసం ఎక్కువైతే పెదవులు ఎక్కువ మేర కంపిస్తాయి. నాదం నిండుగా వస్తుంది, కాని కండరాలకు శ్రమ పెరుగుతుంది.

కప్పు: రిమ్ కింద ఉండే గిన్నె వంటి భాగం. లోతైన కప్పు నాదాన్ని గంభీరం చేస్తుంది. లోతు తక్కువైతే నాదం పదునెక్కుతుంది, పై స్వరాలు సులభంగా పలుకుతాయి.

థ్రోట్: కప్పు అడుగున ఉండే ఇరుకైన రంధ్రం. గాలికి ఎదురయ్యే నిరోధం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది.

షాంక్: వాద్యంలోకి దూర్చే కాడ. దీని లోపలి మార్గాన్ని బ్యాక్‌బోర్ అంటారు.

కప్పు ఘనపరిమాణం శ్రుతిని ఎలా మారుస్తుందో తెలుసుకోవాలి. ధ్వనిశాస్త్ర రీత్యా మౌత్‌పీస్ వాద్యానికి కొంత అదనపు గొట్టం పొడవులా పనిచేస్తుంది. స్వరం పైకి పోయేకొద్దీ ఈ అదనపు పొడవు ప్రభావం పెరుగుతుంది. కాబట్టి చిన్న బోరు ట్రాంబోన్‌కు మరీ లోతైన, పెద్ద కప్పు పెడితే కింది స్వరాలు సరిగా ఉన్నా పై స్వరాలు శ్రుతి తగ్గి పలుకుతాయి. ట్యూనింగ్ స్లైడ్ అన్ని స్వరాలనూ దాదాపు ఒకే నిష్పత్తిలో మారుస్తుంది గనుక ఈ దోషం దానితో పోదు.

4. ఎంపికలో మొదటి మెట్టు: షాంక్

రిమ్, కప్పుల కంటే ముందు చూడవలసింది షాంక్. ట్రాంబోన్ మౌత్‌పీస్‌లు ప్రధానంగా చిన్న షాంక్, పెద్ద షాంక్ అని రెండు కొలతల్లో వస్తాయి. చిన్న బోరు ట్రాంబోన్లకు సాధారణంగా చిన్న షాంక్ కావాలి. కొన్ని యుఫోనియంలకు ఈ రెండింటికీ మధ్య కొలత ఉంటుంది. అందువల్ల యుఫోనియం మౌత్‌పీస్ ట్రాంబోన్‌కు సరిపోతుందని అనుకోకూడదు.

సరిపోయిన షాంక్ సుమారు 2 నుంచి 3 సెంటీమీటర్లు లోపలికి వెళ్ళి, కదలకుండా నిలుస్తుంది. పెద్ద షాంక్‌ను చిన్న వాద్యంలో పెడితే కొద్దిగా మాత్రమే దూరి ఊగుతుంది, శ్రుతి కూడా తగ్గుతుంది. చిన్న షాంక్‌ను పెద్ద వాద్యంలో పెడితే మరీ లోపలికి జారిపోతుంది. దీనికి అడాప్టర్ దొరుకుతుంది. కాగితమో దారమో చుట్టి బిగిస్తే గాలి కారుతుంది, లోపలి మార్గంలో ఖాళీ మిగులుతుంది. షాంక్ చివర సొట్ట పడి ఉంటే ఆ మౌత్‌పీస్‌ను సరిచేయించకుండా కొనకూడదు.

5. రెండో మెట్టు: అంకెలు, అక్షరాలు

అన్ని కంపెనీలకూ వర్తించే ఒకే కొలమానం లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

బాక్ పద్ధతిలో అంకె తగ్గేకొద్దీ రిమ్ వ్యాసం పెరుగుతుంది. 12సీ సుమారు 24.5 మిల్లీమీటర్లు, 6½ఏఎల్ సుమారు 25.4 మిల్లీమీటర్లు. యమహా పద్ధతి దీనికి తలకిందులు: అంకె పెరిగితే వ్యాసం పెరుగుతుంది. అక్షరాలూ అంతే. బాక్‌లో ‘ఏ’ లోతైన కప్పును సూచిస్తే, యమహాలో ‘ఏ’ లోతు తక్కువ కప్పును సూచిస్తుంది.

మరొక చిక్కు ‘ఎల్’ అక్షరం. డెనిస్ విక్ మౌత్‌పీస్‌ల మీద ‘ఎల్’ అంటే పెద్ద షాంక్, ‘ఎస్’ అంటే చిన్న షాంక్. బాక్ 6½ఏఎల్‌లోని ‘ఎల్’కు షాంక్‌తో సంబంధం లేదు. ఆ మౌత్‌పీస్ రెండు షాంక్‌లలోనూ వస్తుంది. కాబట్టి పేరు మాత్రమే చూసి తెప్పించుకోకుండా షాంక్ కొలతను విడిగా అడిగి తెలుసుకోవాలి.

6. ఒక సందర్భ పరిశీలన

రేగొండ జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మండల కేంద్రం. అక్కడి బ్యాండులో చిన్న బోరు ట్రాంబోన్ వాయించే ఒక కళాకారుణ్ణి ఊహించుకుందాం. అతని ముందు మూడు మౌత్‌పీస్‌లు ఉన్నాయి: చిన్న షాంక్ 12సీ, చిన్న షాంక్ 6½ఏఎల్, పెద్ద షాంక్ 5జీ. ఎదుర్కోళ్ళతో మొదలై బరాత్‌తో ముగిసే పని అతనిది. ముహూర్తాలు వరుసగా ఉన్న రోజుల్లో పెదవి వాచినా, చిట్లినా ఆ రోజు కూలి పోతుంది.

పెద్ద షాంక్ 5జీ అతని వాద్యంలో సరిగా కూర్చోదు గనుక మొదటి మెట్టులోనే తొలగిపోతుంది. మిగిలిన రెండింటిలో ఎంపిక అతని పనిని బట్టి ఉంటుంది. ట్రంపెట్‌తో కలిసి పాట వరుసను పై స్థాయిలో వాయించేవాడైతే 12సీ శ్రమ తగ్గిస్తుంది. కింది స్థాయిలో తోడు స్వరాలు ఎక్కువగా వాయించేవాడైతే 6½ఏఎల్ నిండుదనం ఇస్తుంది.

పరీక్షించే పద్ధతి కూడా ముఖ్యమే. కొత్త మౌత్‌పీస్ మొదటి ఐదు నిమిషాలు ఏదైనా బాగానే అనిపించవచ్చు. పెద్దది పెట్టగానే వచ్చే నిండు నాదం మురిపిస్తుంది. అసలు పరీక్ష పెదవులు అలసిన తరువాత మొదలవుతుంది. ఒక గంట వాయించాక పై స్వరాల కోసం మౌత్‌పీస్‌ను పెదవులకు గట్టిగా అదమవలసి వస్తున్నదా అని గమనించాలి. అలా వస్తే అది అతని పనికి తగినది కాదు. తరువాత జారుడు గొట్టాన్ని మొదటి స్థానంలోనే ఉంచి బి ఫ్లాట్‌ను రెండు స్థాయిల్లో పలికించి, ఫోనులోని ట్యూనర్‌తో పోల్చాలి. పైది ఎప్పుడూ తగ్గుతుంటే కప్పు పెద్దదైందేమో చూడాలి.

ఎండ వల్ల వచ్చే తేడాను దీనితో కలపకూడదు. మే నెలలో ఈ ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. గాలి వేడెక్కితే శబ్దవేగం పెరిగి శ్రుతి మొత్తం పైకి పోతుంది. అన్ని స్వరాలూ కలిసి పెరిగితే ట్యూనింగ్ స్లైడ్ కొంచెం బయటికి లాగితే చాలు. అందుకు మౌత్‌పీస్ మార్చనవసరం లేదు.

చివరిగా పైపూతను చూడాలి. వెండి పూత వాడుకలో ఎక్కువ. నికెల్ పడని చర్మం గలవారు నికెల్ పూతను మానుకోవాలి. రిమ్ మీద పూత లేచిపోతే మళ్ళీ వేయించాలి.

7. సారాంశం

మౌత్‌పీస్ ఎంపికలో వరుస ముఖ్యం: మొదట షాంక్, తరువాత రిమ్ వ్యాసం, ఆ తరువాత కప్పు లోతు, చివర పూత. అంకెలను ఆ కంపెనీ పద్ధతి ప్రకారమే చదవాలి. ఏది మంచిదో పెదవులు అలసిన తరువాతి వాయింపే తేలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. లోతైన కప్పు పెట్టినప్పుడు పై స్వరాల శ్రుతి ఎందుకు తగ్గుతుంది?
2. బాక్, యమహా కొలమానాల మధ్య తేడాలను ఉదాహరణలతో వివరించండి.
3. వేడి వల్ల వచ్చే శ్రుతి దోషాన్ని మౌత్‌పీస్ వల్ల వచ్చే దోషం నుంచి ఎలా గుర్తిస్తారు?
4. మీ ప్రాంతంలోని బ్యాండు కళాకారుణ్ణి కలిసి, ఆయన వాడే మౌత్‌పీస్ వివరాలను ఒక పేజీలో రాయండి.