చప్పట్లకూ ఒక చరిత్ర ఉంది

లూథరన్, బాప్టిస్టు మిషన్ చర్చిల్లో కీర్తనలు వింటూ పెరిగిన తెలుగువాళ్లు అమెరికాలో మొదటిసారి ఆఫ్రికన్ అమెరికన్ల చర్చికి వెళితే కాసేపు తికమకపడతారు. డ్రమ్స్ మోగుతుంటాయి. పాస్టరుగారు నోరు విప్పగానే బెంచీల్లోంచి కేకలు వినిపిస్తాయి. ఎవరో ఒకాయన లేచి నడవలో చిందులేస్తాడు. ఇదంతా అదుపు తప్పిన గోల అనుకుంటే పొరపాటు. అక్కడ ప్రతి చప్పుడుకీ ఒక కారణం ఉంది.

చప్పట్ల సంగతే చూడండి. 1739లో దక్షిణ కరోలినాలోని స్టోనో నది దగ్గర బానిసలు డప్పులు కొట్టుకుంటూ తిరగబడ్డారు. మరుసటి ఏడాది వచ్చిన చట్టం వాళ్ల చేతిలో డప్పు, కొమ్ము ఉండకూడదని శాసించింది. ఇక మిగిలినవి అరచేతులూ అరికాళ్లే. జార్జియా, దక్షిణ కరోలినా తీరాల్లో అవే వాద్యాలయ్యాయి. జనం వలయంగా కదులుతూ, చప్పట్లు చరుస్తూ, కర్రతో చెక్క నేల మీద తాళం వేస్తూ పాడే ఆ ఆరాధన పేరు 'రింగ్ షౌట్'. వలయం అపసవ్య దిశలోనే తిరగాలి. కాలికి కాలు అడ్డంగా పడకూడదు, పడితే అది నాట్యమైపోతుంది, ఆరాధన కాదు. అంత కట్టుదిట్టమైన నియమం! జార్జియాలోని మెకింతోష్ కౌంటీ షౌటర్స్ బృందం ఈ సంప్రదాయాన్ని నిలబెట్టి, 1993లో జాతీయ వారసత్వ పురస్కారం అందుకుంది.

ప్రసంగం మధ్యలో వచ్చే కేకలు బుర్రకథలో వంతల మాటల్లాంటివి. అవి లేకపోతే కథ నడవదు. మాట నచ్చితే 'ఆమెన్' అంటారు. పాస్టరుగారు తడబడితే 'ప్రభువా, ఆయనకు సాయం చెయ్యి' అని ప్రార్థిస్తారు. ఈ అలవాటు ఒకసారి చరిత్రలోకే నడిచొచ్చింది. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ రాసుకొచ్చిన ఉపన్యాసం చదువుతుండగా, ఆయన కల సంగతి చెప్పమని గాయని మహాలియా జాక్సన్ కేకేశారని దగ్గరున్నవాళ్లు చెప్పారు. కింగ్ కాగితాలు వదిలేశారు. ప్రపంచం గుర్తుపెట్టుకున్నది ఆ తర్వాత చెప్పిన మాటలనే.

ఈ చర్చిల్లో పాడే గాస్పెల్ పాటకు తండ్రి అనిపించుకున్న థామస్ డోర్సీ మొదట బ్లూస్ పియానో వాద్యకారుడు. 'జార్జియా టామ్' అన్న పేరుతో క్లబ్బు పాటలు వాయించినవాడు. ఆ బాణీలు చర్చిలోకి తెస్తే పెద్దలు చాలామంది తలుపులు మూసేశారు. 1932లో ఆయన ఊళ్లో లేనప్పుడు భార్య ప్రసవంలో చనిపోయింది, పుట్టిన బిడ్డా దక్కలేదు. ఆ దుఃఖంలోంచి పుట్టిన పాట 'ప్రెషస్ లార్డ్'. 1968 ఏప్రిల్ 4 సాయంత్రం కింగ్ ఒక సంగీతకారుణ్ని ఆ రాత్రి సభలో ఇదే పాట వాయించమని అడిగారు. కాసేపటికే తూటా తగిలింది. ఆయన అంత్యక్రియల్లో దాన్ని మహాలియా పాడారు. ఇంత బరువు మోసిన పాటను కేవలం హుషారు పాట అనుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఈ పాటల వెనక వెన్నులో వణుకు పుట్టించే ఆర్గన్ హామండ్ కంపెనీది. పైప్ ఆర్గన్ కొనలేని చర్చిలకు అందుబాటులో ఉండేలా 1935లో మార్కెట్లోకి వచ్చింది.

ఇక తెల్ల యూనిఫాం, తెల్ల గ్లౌజులు వేసుకుని నిలబడే స్త్రీలు అక్కడ అలంకారానికి లేరు. ఆత్మావేశంలో ఎవరైనా తూలితే పట్టుకోవడం, విసనకర్రతో విసరడం వాళ్ల పని.

ఇలాంటి ఆత్మావేశానికి పేరుపడ్డ పెంతెకొస్తు ఉజ్జీవానికి పుట్టిల్లుగా చాలామంది చెప్పే చోటు లాస్ ఏంజెలెస్‌లోని 312, అజూసా వీధి. 1906 ఏప్రిల్‌లో అక్కడ సభలు నడిపిన విలియం సేమూర్ మాజీ బానిసల కొడుకు. ఆ కట్టడం ఒకప్పుడు చర్చి, తర్వాత గుర్రాలశాల. వర్ణ వివక్ష రాజ్యమేలుతున్న రోజుల్లో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ అక్కడ పక్కపక్కన మోకరించారు. ఆ సభల్లో జనం తెలియని భాషల్లో మాట్లాడిన వరం కన్నా నాకు పెద్ద అద్భుతం అదే. అంతకు ఏడాది ముందే, 1905లో, పుణె దగ్గర కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో అలాంటి ఉజ్జీవమే వచ్చిందని మనవాళ్లకు అంతగా తెలియదు.

న్యూయార్క్ వెళ్తే హార్లెంలోని అబిసీనియన్ బాప్టిస్టు చర్చి చూడండి. వేరే చర్చిలో తమను విడిగా కూర్చోబెట్టడాన్ని సహించలేక, 1808లో నల్లజాతి విశ్వాసులు బయటికొచ్చి పెట్టుకున్నదది. ఇలాంటి చర్చికి ఎక్కడ వెళ్లినా నిక్కర్లు వద్దు, ఫొటోలు వద్దు. పాటలు విని మధ్యలో లేచి రావద్దు, ప్రసంగం పూర్తయ్యేదాకా కూర్చోండి. పక్కావిడ చెయ్యి చాపితే పట్టుకోండి. చప్పట్లు కొట్టాలనిపిస్తే కొట్టండి, అక్కడ ఎవరూ వింతగా చూడరు.