ఎవరికి వారే యమునా తీరే: సహాయ సంస్థలూ, ఆటల లెక్కలూ

1977 నవంబరు 19న దివిసీమను ముంచేసిన ఉప్పెనను మన పెద్దలు మరచిపోలేదు. ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకు పోయాయి, వేలమంది చనిపోయారు. ఇటువంటి వార్త చెవిన పడగానే పరాయి దేశంలో ఉన్న మనం చేసే మొదటి పని చందాలు పోగుచెయ్యడం. మంచిదే. కాని ఆ డబ్బు ఖర్చుపెట్టే పది సంస్థలూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారా అని మనం అడగం. ఈ నెల ఆ సంగతి చూద్దాం.

2004 డిసెంబరు 26 నాటి సునామీ తీసుకోండి. తమిళనాడులో అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయింది నాగపట్నం జిల్లా. ఆ ఒక్క జిల్లాలోనే ఆరువేలమందికి పైగా మరణించారు. కొద్దిరోజుల్లో వందలాది సేవాసంస్థలు అక్కడ దిగాయి. ఎవరికీ అక్కరలేని పాతబట్టలు రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. మరోవంక పడవలు లేని కూలీలకూ, దళితవాడలకూ సాయం ఆలస్యంగా, అరకొరగా అందింది. వచ్చినవాళ్ళందరూ మంచి మనసుతో వచ్చినవారే. మరి ఇలా ఎందుకయింది?

దీనికి జవాబు వెతకడానికి 'గేమ్ థియరీ' అనే గణితశాఖ పనికొస్తుంది. ఫాన్ నోయ్‌మన్, మోర్గెన్‌స్టెర్న్ అనే ఇద్దరు 1944లో రాసిన గ్రంథంతో దీనికి పేరొచ్చింది. నా లాభం నా ఎత్తు మీదే కాక అవతలివాడి ఎత్తు మీద కూడా ఆధారపడినప్పుడు ఏం చెయ్యాలన్నదే ఇందులోని ప్రశ్న. చదరంగం ఆడేవారికి ఇది కొత్త కాదు.

రెండు సంస్థలు ఉన్నాయనుకుందాం. ఏ ఊళ్ళో ఏం కావాలో ఇద్దరూ జాబితాలు రాసుకున్నారు. ఇద్దరూ వాటిని పంచుకుంటే శ్రమ సగమవుతుంది, ఏ ఊరూ మిగిలిపోదు. ఒకరే పంచుకుంటే, రెండోవారు ఆ జాబితా చూసుకుని ముందుగా వెళ్ళి, పని చేసి, ఫోటో తీయించుకుని, దాతలకు పంపుకుంటారు. జాబితా ఇచ్చినవారికి మిగిలేది శూన్యం. ఈ భయంతో ఇద్దరూ దాచుకుంటారు. ఎవరికి వారు తెలివిగానే నడుచుకున్నారు, అయినా ఇద్దరూ నష్టపోయారు. అసలు నష్టం ఇల్లు పోగొట్టుకున్నవాడిది. 'ఖైదీల సంకటం' అని ప్రసిద్ధికెక్కిన లెక్క ఇదే.

దీనికి మందు లేకపోలేదు. మిషిగన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ ఇదే ఆటను కంప్యూటర్ల చేత పదేపదే ఆడించి చూశాడు. గెలిచింది అన్నిటికన్నా చిన్న ఎత్తుగడ: మొదట సహకరించు, ఆ తరువాత అవతలివాడు ఏం చేస్తే అదే చెయ్యి. రేపు మళ్ళీ మొహాలు చూసుకోవాలని తెలిసినచోట సహకారం పుడుతుందన్నమాట. వారం రోజులుండి వెళ్ళిపోయే సంస్థకు ఆ 'రేపు' లేదు.

నాగపట్నంలో ఆ రేపటిని కల్పించే ప్రయత్నం జరిగింది. 2005 జనవరి మొదట్లోనే అక్కడి అనుభవమున్న మత్స్యకార, స్త్రీ సేవాసంస్థలు కలిసి, కలెక్టరు కార్యాలయంలోనే ఒక సమన్వయ కేంద్రం తెరిచాయి. ఇళ్ళకు, ఆరోగ్యానికి, జీవనోపాధికి వేరువేరు బృందాలు పెట్టుకుని, ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో వివరాలు సేకరించి అందరికీ అందుబాటులో ఉంచారు. దాచుకుంటే వచ్చే లాభం తగ్గింది, కలిస్తే వచ్చే లాభం పెరిగింది.

అయినా ఒక విషయంలో ఆ కేంద్రం కూడా పూర్తిగా నెగ్గలేకపోయింది. తమిళనాడు తీరమంతటా ఫైబరు పడవలు సునామీకి ముందున్నవాటిని మించిపోయాయి. పడవను లెక్కపెట్టడం తేలిక, ఫోటో తియ్యడం తేలిక, దానిమీద పేరు రాయించడం మరీ తేలిక. ఉప్పుతేరిన పొలం బాగుచేస్తే ఫోటోలో ఏం కనిపిస్తుంది?

ఇక్కడే మన పాత్ర వస్తుంది. ఈ ఆటలో మూడో ఆటగాడు దాత, అంటే మనమే. 'మా డబ్బుతో ఎన్ని పడవలిచ్చారు? మా సంఘం పేరు పెట్టారా?' అని అడిగినంతకాలం ఎవరికి వారే యమునా తీరే. ఈసారి చందా పంపేటప్పుడు రెండు ప్రశ్నలు వేద్దాం. ఆ ఊళ్ళో ఇంకా ఎవరెవరు పనిచేస్తున్నారు? మీ జాబితా వాళ్ళకు ఇచ్చారా? జవాబు తృప్తిగా ఉంటే, మన పేరు ఎక్కడా కనిపించకపోయినా ఆ డబ్బు సద్వినియోగమైనట్టే. తుఫాను కాలం వచ్చేలోపు మన కార్యవర్గం దీన్ని ఒక నియమంగా పెట్టుకుంటే బాగుంటుంది.