కోతిని తలంపరాదు

జగిత్యాల జిల్లాలోని కొండగట్టు ఆంజనేయస్వామి క్షేత్రమునకు మంగళ, శనివారములయందు జనులు విశేషముగా వత్తురు. కోరుట్లనుండియు, సిరిసిల్లనుండియు, దూరపు పల్లెలనుండియు వచ్చిన యాత్రికులతో కొండ నిండిపోవును. కోతులును మెండు, కొబ్బరిచిప్ప చేతబట్టినవానికి ఆ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఈ క్షేత్రమునకు మరియొక ప్రసిద్ధి కలదు. మనస్సు చెదిరినవారిని బంధువులు తోడ్కొనివచ్చి, కొన్ని దినములు స్వామి సన్నిధిని ఉంచుట ఈ ప్రాంతమున ఆచారము.

ఏ రోగమును లేని సామాన్యుని మనస్సు సైతము ఒక్కొక్కప్పుడు గానుగెద్దువలె ఒకేచోట తిరుగుచుండును. కొండ యెక్కుచున్న గృహిణికి, ఇంటికి తాళము వేసితినా లేదా యను సందేహము కలుగును. “వేసితివి” అని భర్త చెప్పినను, పది మెట్లెక్కునంతలో ఆ సందేహమే మరల వచ్చును. సిరిసిల్లలో మరమగ్గము నడుపువానికి అప్పు, కోరుట్లలో బీడీలు చుట్టు తల్లికి గల్ఫునకేగిన కుమారునినుండి రాని ఫోను, బాలునకు పరీక్షలో విడిచిన లెక్క. ఆలోచించుట దోషము కాదు. నిజమైన ఆలోచనవలన లెక్క తేలును, లేదా దారి కానవచ్చును. తిరుగుడు తలంపు ఎంత తిరిగినను బయలుదేరిన చోటనే నిలుచును.

అట్టి తలంపును బలిమితో వెడలగొట్టవచ్చునా? మందు త్రాగునపుడు కోతిని తలంపరాదని వైద్యుడు చెప్పగా, రోగికి గిన్నె యెత్తినప్పుడెల్ల కోతియే కనబడినదను మాట తెలుగునాట అందరెరిగినదే. 1987లో అమెరికా దేశమున డేనియల్ వెగ్నర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఇంచుమించు దీనినే పరీక్షించెను. ఐదు నిమిషములపాటు తెల్లని ఎలుగుబంటిని తలంపవలదనియు, తలంపు వచ్చినచో గంట మ్రోగింపుడనియు విద్యార్థులకు చెప్పెను. గంటలు మ్రోగుచునే యుండెను! పిమ్మట తలంపవచ్చునని సెలవిచ్చినపుడు, మొదటినుండి సెలవు పొందినవారికంటె వీరికే ఆ తలంపు హెచ్చుగా వచ్చెను. దొంగ రాకుండ చూచు కావలివానికి దొంగ ముఖము జ్ఞాపకముండవలెను గదా! నిషేధించిన తలంపు వచ్చెనేమో యని కాచుకొను మనస్సు గతియు అట్టిదే.

కనుక తలంపును తరుముటకంటె, వచ్చినదని గుర్తించి, చేతిలోని పనిని సాగించుట మేలు. కొండమీది కోతిని గద్దించినవానివెంట అది పడును. తన దారిని తాను పోవువానిని అది చాలవరకు విడుచును. తాళమును మరల మరల లాగిచూచుటయు మందు కాదు. అట్లు పలుమారులు సరిచూచుకొన్నకొలది జ్ఞాపకముపై నమ్మకము సన్నగిల్లునని 2003లో నెదర్లాండ్సు దేశపు పరిశోధకులు తెలిపిరి. ఒకసారి నిదానముగ చూచి, “వేసితిని” అని పైకి అనుకొని కదలుట చాలును.

చింతకు వేళ నియమించుట మరియొక ఉపాయము. 1983లో బోర్కోవెక్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును దీనిని పరీక్షించిరి. ప్రతిదినము ఒకే చోట, ఒకే వేళ అరగంట చింతించుట, తక్కిన వేళలయందు వచ్చిన చింతను ఆ వేళకు వాయిదా వేయుట. వినుటకు నవ్వు వచ్చును గాని, నాలుగు వారములలో వారి చింత తగ్గెను. తీరని పనియే మనస్సును పీడించుచున్నచో, దానిని ఎప్పుడు, ఎట్లు చేయుదుమో కాగితముపై వ్రాయవలెను. పని పూర్తికాకున్నను, ఏర్పాటు నిశ్చయమైనంతనే దాని బాధ తగ్గునని 2011 నాటి పరిశోధన చెప్పుచున్నది.

అయితే తలంపులవలన వారములతరబడి నిద్ర, తిండి, చదువు చెడినను, చేతులు గంటలకొలది కడుగుకొనుచున్నను, ప్రాణముపై విరక్తి కలిగినను ఇట్టి ఉపాయములు చాలవు. అది వ్యాధి, దానికి చికిత్స కలదు. స్వామి సన్నిధిని గడపుట వైద్యమునకు అడ్డు కాదు. కాని మొక్కు తీరువరకు మందు మానిపించుట ప్రమాదకరము. రోగిని గొలుసులతో బంధించుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది. హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యాలయము కలదు. అంతదూరము పోలేనివారికై 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము టెలీమానస్ అను సేవను ప్రారంభించినది. దాని సంఖ్య 14416. రేయింబవళ్లు ఎప్పుడైనను పిలువవచ్చును, రుసుము లేదు, తెలుగులోనే మాటలాడవచ్చును.