రెజ్యూమెలో ఓ టార్చిలైటు!

ఇంట్లో అటక మీద పాత రెండు సెల్లుల టార్చిలైటు ఉంటే కిందికి దించండి. 'మీరు సొంతంగా చేసిన ప్రాజెక్టు ఏది?' అని ఇంటర్వ్యూలో అడిగితే చెప్పడానికి అందులో బోలెడంత సరుకుంది. బల్బు తీసేసి, ఆ చోట సరిగ్గా కూర్చునే ఎల్‌ఈడీ భాగాన్ని మీరే డిజైన్ చేయాలి. 'ఓస్, అది బజార్లో దొరుకుతుందిగా' అంటారా? దొరుకుతుంది. ఫైనలియర్ ప్రాజెక్టులూ దొరుకుతున్నాయి! కొన్నదాంట్లో 'ఇలాగే ఎందుకు?' అన్న ప్రశ్నకు జవాబు మాత్రం రాదు.

మొదటి చిక్కు కరెంటుతో. రెండు కొత్త సెల్లులు కలిపితే 3 వోల్టులు. వాడేకొద్దీ 2కు పడిపోతాయి. తెల్ల ఎల్‌ఈడీకేమో దాదాపు 3 వోల్టులు కావాలి. పైగా వోల్టేజీ కాస్త పెరిగినా దానిలో కరెంటు అమాంతం పెరిగిపోతుంది. అందుకే వోల్టేజీని పెంచి, కరెంటును నిలకడగా ఉంచే బూస్ట్ డ్రైవర్ పెట్టాలి.

మరి ఎన్ని వాట్లు? చాలామంది 'ఎక్కువైతే మంచిదేగా' అని 3 వాట్లకు వెళ్తారు. లెక్క వేసి చూడండి. 2 వోల్టుల దగ్గర 3 వాట్లు కావాలంటే సెల్లుల నుంచి 1.5 ఆంపియర్లు లాగాలి. డ్రైవర్‌లో పోయేది అదనం. మామూలు జింక్-కార్బన్ సెల్లులు ఆ బరువు మోయలేక చతికిలబడతాయి. 1 వాటుకైతే అర ఆంపియరు, ఇంకొంచెం. రెండు సెల్లుల టార్చిల్లో వాడే పీఆర్2 బల్బు తీసుకునేదీ 0.5 ఆంపియర్లే. అంటే సెల్లుల మీద భారం దాదాపు అంతే, వెలుగు మాత్రం ఎన్నో రెట్లు. అంత చిన్న ఫిలమెంటు వాటుకు 10 ల్యూమెన్ల దగ్గర్లో ఆగితే, మంచి ఎల్‌ఈడీ 100 దాటుతుంది.

తర్వాత ఫోకస్. ఫిలమెంటు నలువైపులా వెలుగు చిమ్ముతుంది, ఎల్‌ఈడీ ముందువైపే. చిప్పు రిఫ్లెక్టర్ ఫోకస్ బిందువు దగ్గర లేకపోతే గోడ మీద పడే వెలుగు మధ్యలో గారెకు చిల్లు పెట్టినట్టు నల్లటి మచ్చ వస్తుంది. ఒక్క మిల్లీమీటరు తేడా చాలు! కాలిపర్‌తో కొలిచి, ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌లో గీసి, ఎత్తు కొద్దికొద్దిగా మారుస్తూ మూడు నాలుగు త్రీడీ ప్రింట్లు తీయండి. ఇవి కొలత సరిచూసుకోవడానికే. పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది.

నాకు ఎక్కువ ఇష్టమైంది వేడి లెక్క. బల్బు తన వేడిలో చాలా భాగాన్ని కాంతితోపాటే బయటికి పంపేస్తుంది. ఎల్‌ఈడీ వేడి అలా పోదు, వెనక నుంచే దిగాలి. కాబట్టి చిప్పు నుంచి టార్చి ఒంటి దాకా లోహపు దారి ఉండాలి. రాగి మేలు, అల్యూమినియం చవక. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ బాలానగర్‌లోనో లేత్ దగ్గరికి డ్రాయింగ్ పట్టుకెళ్లండి. 'ఇక్కడ టాలరెన్స్ ఎంత బాబూ?' అని మేస్త్రీ అడుగుతాడు. చాలా ఇంటర్వ్యూల కంటే మంచి ప్రశ్న అది! విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీ ఉంది. ప్రోటోటైప్‌ల కోసం హైదరాబాద్‌లో 2023లో మొదలైన టీ-వర్క్స్ ఉంది.

మెకానికల్ వాళ్లయితే ఈసీఈ ఫ్రెండును కలుపుకోండి. బ్యాటరీ, డ్రైవర్, వేడి... ఎలక్ట్రిక్ వాహనాల కంపెనీల్లోనూ నడిచేది ఈ లెక్కలే. రెజ్యూమెలో 'ఎల్‌ఈడీ టార్చి' అని రాసి వదిలేయకండి, అంకెలు రాయండి. థర్మోకపుల్ ఉన్న మల్టీమీటర్ సంపాదించి, టార్చి వెలిగించి, 5 నిమిషాలకోసారి చొప్పున అరగంట పాటు వేడి, కరెంటు నోట్‌బుక్‌లో రాసుకోండి.