యోధుడా, మాంత్రికుడా? ఆటలో ఎంపిక వెనుక గణితం, మనస్తత్వం

ఫాంటసీ యాక్షన్ ఆటను మొదటిసారి తెరిచిన వారికి ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇది: యోధుడిగా ఆడాలా, మాంత్రికుడిగా ఆడాలా, విలుకాడిగా ఆడాలా? ఆట ఇంకా మొదలే కాలేదు. శత్రువులు ఎలాంటివారో, దారి ఎలా ఉంటుందో తెలియదు. అయినా రాబోయే పదుల గంటల ఆట చాలావరకు ఈ నిర్ణయం మీదే ఆధారపడి ఉంటుంది. తక్కువ సమాచారంతో, వెనక్కి తీసుకోలేని నిర్ణయం ఎలా తీసుకోవాలి? ఇది ఆటలకే పరిమితమైన సమస్య కాదు. సూరత్‌లోని వజ్రాల కర్మాగారాల్లో రోజూ ఎదురయ్యే సమస్య కూడా ఇదే.

మూడు క్లాసులతో మొదలు

ఆటగాడి పాత్రను వర్గాలుగా, అంటే 'క్లాసులు'గా విడదీసే పద్ధతి కంప్యూటర్ కంటే ముందు కాగితం, పాచికల ఆటలో స్థిరపడింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించి 1974లో విడుదల చేసిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్'లో మూడే క్లాసులు ఉండేవి: యోధుడు, మాంత్రికుడు, మతగురువు. 2000లో వచ్చిన 'డయాబ్లో 2'లో అవి ఐదయ్యాయి. మరుసటి ఏడాది వచ్చిన అనుబంధ భాగంతో ఏడుకు పెరిగాయి.

ఏ క్లాసుకూ అన్ని బలాలూ ఇవ్వకపోవడం ఈ రూపకల్పనలో కీలకం. ఒకటి పెరగాలంటే మరొకటి తగ్గాలి.

సమానమే, కానీ ఒకటి కాదు

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. యోధుడి ప్రాణశక్తి 200, అతడు సెకనుకు 30 నష్టం కలిగిస్తాడు. మాంత్రికుడి ప్రాణశక్తి 80, అతడు కలిగించే నష్టం సెకనుకు 75. ఎదుటి రాక్షసుడి ప్రాణశక్తి 300, అతడి దెబ్బల వల్ల ఎవరికైనా సెకనుకు 10 నష్టం.

యోధుడు 10 సెకన్లలో గెలుస్తాడు, 100 ప్రాణశక్తి కోల్పోతాడు. మాంత్రికుడికి 4 సెకన్లు చాలు, అతడు కోల్పోయేది 40. ఇద్దరికీ మిగిలేది సరిగ్గా సగం. లెక్క ప్రకారం ఇద్దరూ సమానులే.

ఇప్పుడు ఆటగాడి వేలు తడబడి, 2 సెకన్లపాటు ఎదురుదెబ్బ కొట్టలేకపోయాడనుకుందాం. అదనంగా పడే నష్టం 20. యోధుడికి అది మొత్తం శక్తిలో పదో వంతు, మాంత్రికుడికి నాలుగో వంతు. ఒకే దెబ్బతో 90 నష్టం చేసే శత్రువు ఎదురైతే మాంత్రికుడు అక్కడికక్కడే కూలిపోతాడు, యోధుడు నిలబడతాడు. మరోవైపు శత్రువు దగ్గరికి రావడానికి 2 సెకన్లు పట్టేంత దూరం ఉంటే, మాంత్రికుడు ఆలోపే సగం పని ముగిస్తాడు.

సగటు ఒకటే అయినా, తప్పును తట్టుకునే శక్తి వేరు. అందుకే 'ఏ క్లాసు గొప్పది?' అనే ప్రశ్నకు అందరికీ వర్తించే జవాబు ఉండదు. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉన్న ఫోన్‌లో ఆడే కొత్తవారికి, వేగంగా కదలగల అనుభవజ్ఞులకు సరైన జవాబులు వేర్వేరుగా ఉంటాయి.

సూరత్ రాయి చెప్పే పాఠం

ప్రపంచంలో అమ్ముడయ్యే ప్రతి పది వజ్రాల్లో సుమారు తొమ్మిది సూరత్, దాని పరిసరాల్లోనే సానపట్టుకుంటాయని అంచనా. ఈ నగరంతో తెలుగువారికీ పాత బంధమే ఉంది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ సూరత్ రేవు నుంచే గోల్కొండ వజ్రాల కోసం ప్రయాణించాడు. తెలంగాణ నుంచి వెళ్లిన ఎన్నో నేత కుటుంబాలు నేడు అక్కడ మరమగ్గాల మీద బతుకుతున్నాయి.

ముడి వజ్రాన్ని 57 ముఖాల గుండ్రని ఆకృతిలో కోస్తే మెరుపు బాగుంటుంది, కానీ తరచూ సగానికి పైగా బరువు పొడిగా పోతుంది. చతురస్రాకారంలో కోస్తే బరువు ఎక్కువ మిగులుతుంది, మెరుపు మాత్రం సాధారణంగా ఆ స్థాయిలో ఉండదు. ఒకసారి కోశాక రాయి మళ్లీ అతకదు. అందుకే కోతకు ముందు రాయిని త్రిమితీయంగా స్కాన్ చేసి, లోపలి మచ్చలు ఎక్కడున్నాయో గుర్తించి, కంప్యూటర్‌లో రకరకాల కోతలను పోల్చి చూస్తారు. నిర్ణయాన్ని మార్చలేనప్పుడు, దానికి ముందు సేకరించే సమాచారానికే విలువ ఎక్కువ.

ఆటలో ఈ పని ఇంకా తేలిక. ఒక్కో క్లాసుతో అరగంట ఆడి చూడటమే ఇక్కడ స్కానింగ్. కోల్పోయేది కొద్ది సమయం మాత్రమే.

మార్చుకునే వీలుంటే మంచిదేనా?

'డయాబ్లో 2'లో తప్పుగా వాడిన నైపుణ్య పాయింట్లను వెనక్కి తీసుకునే వీలు 2010 వరకు లేదు. పొరబడితే కొత్త పాత్రతో మళ్లీ మొదలుపెట్టాల్సిందే. తర్వాతి ఆటలు ఈ నియమాన్ని సడలించాయి. ఇది ఆటగాళ్లకు మేలే అనిపిస్తుంది. కానీ మనసు తీరు వేరు.

మనస్తత్వవేత్తలు డేనియల్ గిల్బర్ట్, జేన్ ఎబర్ట్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఫొటోగ్రఫీ నేర్చుకునేవారిని తాము తీసిన రెండు చిత్రాల్లో ఒకటి ఉంచుకోమన్నారు. కొందరికి తర్వాత మార్చుకునే అవకాశం ఇచ్చారు, మరికొందరికి ఇవ్వలేదు. మార్చుకోగలిగినవారికే తమ చిత్రం తక్కువగా నచ్చింది. ఇలా జరుగుతుందని ముందుగా ఊహించలేకపోవడం మరో విశేషం. దారి మూసుకుపోయినప్పుడు మనసు ఉన్నదానిలోని మంచిని వెతుక్కుంటుంది. తెరిచి ఉంటే పోలికలు ఆగవు.

పాత్ర మనల్ని మారుస్తుందా?

ఎంపిక ప్రభావం తెర మీదే ఆగిపోదని 2007లో నిక్ యీ, జెరెమీ బైలెన్సన్ చేసిన ప్రయోగాలు సూచించాయి. వర్చువల్ లోకంలో పొడవైన రూపం దక్కినవారు డబ్బు పంపకాల బేరంలో మరింత గట్టిగా నిలబడ్డారు. రూపాన్ని బట్టి ప్రవర్తన మారే ఈ ధోరణికి వారు 'ప్రోటియస్ ప్రభావం' అని పేరు పెట్టారు.

కాబట్టి కొత్త ఆట తెరిచినవారు బలాల పట్టికతో పాటు తమ అలవాట్లనూ చూసుకోవాలి. తొందరపడే చేతికి ఎక్కువ ప్రాణశక్తి ఉన్న పాత్ర నప్పుతుంది, ఓపికగా దూరం పాటించగలిగితే మాంత్రికుడు నప్పుతాడు. కొద్దిసేపు అన్నిటినీ ఆడి చూసి, ఒకటి ఎంచుకున్నాక కొన్ని గంటలు దానితోనే సాగితే, ఆ ఎంపిక నచ్చే అవకాశం పెరుగుతుంది.