కాంట్రాక్టు ఎలక్ట్రానిక్స్ తయారీ సంస్థ: వాటా కొనే ముందు చూడవలసినవి

శ్రీముఖలింగం పరిసరాల్లోని రైసుమిల్లును గుర్తుచేసుకోండి. ప్రభుత్వ ధాన్యం మర ఆడే మిల్లరుకు ధాన్యమూ సొంతం కాదు, బియ్యమూ సొంతం కాదు. క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం అప్పగించి మర కూలి తీసుకుంటాడు. కాంట్రాక్టు ఎలక్ట్రానిక్స్ తయారీ కూడా ఇటువంటిదే: బ్రాండు ఒకరిది, కర్మాగారం మరొకరిది. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్, తిరుపతిలో డిక్సన్ ఈ కోవకు చెందినవి. ఇటువంటి సంస్థలో మీ పొదుపు పెట్టే ముందు నాలుగు అంశాలు పరిశీలించాలి.

1. అమ్మకాలు

ఒక వస్తువులో విడిభాగాల ఖరీదు రూ. 900, బిగింపు కూలి రూ. 60, అందులో లాభం రూ. 20 అనుకుందాం. విడిభాగాలు బ్రాండే ఇస్తే అమ్మకం రూ. 60, లాభం 33 శాతం. సంస్థే కొంటే అమ్మకం రూ. 960, లాభం 2 శాతమే. పని మాత్రం ఒక్కటే. కాబట్టి లాభశాతంతో సరిపెట్టుకోక, వినియోగించిన మూలధనంపై రాబడిని పోల్చాలి.

2. నగదు చక్రం

సరుకు నిల్వ 90 రోజులు, రావలసిన బాకీలు 60 రోజులు, చెల్లించవలసిన బాకీలు 70 రోజులు అయితే, సొమ్ము 80 రోజులు (90+60-70) చిక్కుకుంటుంది. అమ్మకాలు పెరిగేకొద్దీ ఈ మొత్తం కూడా పెరుగుతుంది. లాభం కనిపిస్తున్నా వ్యాపార నగదు ఏటేటా రుణాత్మకంగా ఉంటే, ఆ ఎదుగుదల అప్పుతోనో కొత్త వాటాలతోనో సాగుతున్నట్లే.

3. ఖాతాదారులు

శ్రీసిటీలో ఫోన్లు తయారుచేసే భారత్ ఎఫ్‌ఐహెచ్ 2021 డిసెంబరులో సుమారు రూ. 5,000 కోట్ల ఇష్యూకు సెబీకి దరఖాస్తు చేసింది. అప్పట్లో షియోమి దాని ప్రధాన ఖాతాదారు. ఆ ఇష్యూ మార్కెట్టుకు రాలేదు. ఒక్క ఖాతాదారుపై ఆధారపడిన సంస్థకు ధర నిర్ణయంలో బలం తక్కువ. ముసాయిదా పత్రంలోని 'నష్టభయాలు' భాగం తప్పక చదవండి.

4. ధర

హైదరాబాదుకు చెందిన సైయంట్ డీఎల్ఎం వాటాలు 2023 జులైలో లిస్టయ్యాయి. ఇష్యూ ధర రూ. 265, మొత్తం వాటాలు సుమారు 7.9 కోట్లు. అంటే సంస్థ విలువ దాదాపు రూ. 2,100 కోట్లు. 2022-23 లాభం సుమారు రూ. 32 కోట్లు. కొనుగోలుదారు దాదాపు 66 రెట్ల లాభాన్ని చెల్లించినట్లు. లాభం వేగంగా పెరుగుతుందన్న నమ్మకమే ఆ ధరకు ఆధారం. ఆర్డర్లు మందగిస్తే సంస్థ మంచిదైనా వాటా నష్టపరచవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక సంస్థ వార్షిక నివేదిక తీసుకొని మూడేళ్ల లాభాన్ని, వ్యాపార నగదును పక్కపక్కన రాయండి. రెండింటికీ తేడా ఎందుకు వచ్చిందో ఐదు వాక్యాలలో వివరించండి.